చెవి బొమ్మ బండి

ప్రియమైన అక్కకు,

బండి చేరింది. బావ నడుం పట్టుకుని దిగాడు. టీ తాగాక మామూలుగా రెండు జోకులు వేశాడు కాబట్టి బాగానే ఉన్నాడనుకున్నాను.

ఈ రోజు లెక్క. మీ షెడ్డు నుంచి వచ్చిన ఆక్సిజన్ మిషన్లు తొమ్మిది. ఇక్కడ బాగుచేసినవి పదమూడు. అన్నీ ఆన్ చేసి విన్నాను. మూడింటిని మళ్ళీ రిపేరు బల్ల మీదికి పంపాను. మిగతావి ఇళ్ళకి పంపొచ్చని పచ్చ దారం కట్టాను. కొత్తగా చేరినవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ఇద్దరి పేర్లే గుర్తున్నాయి.

ఈ షెడ్డు మన పాత షెడ్డుకి మూడింతలుంది. ఒక మూల అద్దాల గది కట్టి, అది నాదన్నారు. అందులో కూర్చుంటే దుకాణంలో అమ్మకానికి పెట్టిన బొమ్మలా ఉన్నాను. స్టూలు తెచ్చి బయట కంప్రెసర్ల పక్కనే వేసుకున్నాను, అక్కడ వేసుకున్నట్టే. పొద్దున తలుపు తెరిచేసరికి జనం వరుస కట్టి ఉంటున్నారు. ఒకరికి సెలవు చీటీ మీద సంతకం కావాలి, ఒకరికి గొట్టాలు కొనడానికి అనుమతి కావాలి, ఒకరు చీపుర్లు అరిగిపోయాయని చెప్పడానికి వచ్చారు. నీ ముందుగదిలో నలుగురం కూర్చుని మొదలుపెట్టినప్పుడు ఇంతమంది ముందు నిలబడాల్సి వస్తుందనుకోలేదు. ఇప్పుడు రెండు ఊళ్ళలో కలిపి నూరుమంది దాటాం. నాలుగు నెలల కిందట అందులో సగం కూడా లేం.

పెద్దాస్పత్రి కొనుగోళ్ల ఆఫీసరు నిన్న షెడ్డు చూడటానికి వచ్చారు. వెంట వచ్చిన ఆయనకి నన్ను పరిచయం చేస్తూ, "ఊపిరి సరిగా అందనివాళ్ళ ఇళ్ళకి మిషన్లు అద్దెకిస్తారు, చెడితే వీళ్ళే బాగుచేస్తారు. ఈయన చేతులు కట్టుకుని పక్కన నిలబడి విని చెప్పేస్తాడు ఎక్కడ గాలి పోతోందో. మీటరు వారం తర్వాత చెప్పేది ఈయన చెవి ఇవాళే చెబుతుంది. మేము కంపెనీని కాదు, ఆ చెవిని నమ్మాం," అన్నారు. నాకు ఎటు చూడాలో తెలియక నేల చూశాను. మూడు నెలలు మన పని చూస్తారట. నచ్చితే ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళే ప్రతి రోగి మిషనూ మనదే. అప్పుడు ఇంకో నలభైమందిని తీసుకోవాలి.

అందుకే ఒక నియమం పెట్టాను. అక్కడ మీరు బాగుచేసినవి కూడా బండిలో ఇక్కడికి రావాలి. నేను విని దారం కట్టాకే ఎవరింటికైనా వెళ్ళాలి. కొంచెం తిరుగుడు ఎక్కువే. తప్పదు.

ఇక్కడ ఫోన్ లైను బాగాలేదు. నువ్వు నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టుంది. ఏదైనా చెప్పాలంటే రాసి బావ చేతికివ్వు. బండి ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది.

నీ తమ్ముడు

*

ప్రియమైన చెవులపిల్లికి,

ఉత్తరం అంటే క్షేమసమాచారం రాస్తారురా, సరుకు లెక్క కాదు. తిన్నావా, పడుకున్నావా, అక్కడ దుప్పటి సరిపోతోందా, ఒక్క ముక్క లేదు. చీపుర్ల సంగతి మాత్రం రాశావు. ఆ చీపుర్లు నువ్వు లేకపోతే ఎవరూ కొనలేరా?

ఫోన్‌లో నీళ్ళలోంచి మాట్లాడుతున్నానా నేను? నా గొంతు విని ఎదురింటివాళ్ళ కుక్క లేచి నిలబడుతుంది. మీ బావని అడుగు. ఇరవై ఏళ్ళుగా ఆ గొంతు కిందే కాపురం చేస్తున్నాడు.

ఇక అసలు సంగతి. నీ నియమం ఇక్కడ ఎలా నడుస్తోందో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదువు. మన మొదటి రోగి డ్రాయింగ్ మాస్టారు గుర్తున్నారుగా. మన బండి మీద చెవి బొమ్మ వేసింది ఆయనే. ఆయన మిషన్ పాతబడిందని మార్చాల్సి వచ్చింది. ఇంకొకటి బాగుచేసి సిద్ధంగా పెట్టాం. మాస్టారి ఇల్లు మన షెడ్డు నుంచి నడిచిపోయే దూరం. కానీ దారం కావాలిగా. బండెక్కింది, నీ దగ్గరికొచ్చింది, అక్కడ నీ వరుసలో కూర్చుంది, మళ్ళీ బండెక్కి వచ్చింది. ఈలోగా మాస్టారు సిలిండరు మీద గడిపారు. ఆయన కోడలు షెడ్డుకి వచ్చి, "మిషన్ కనిపిస్తోంది, మావయ్య అక్కడ ఆయాసపడుతున్నాడు, మధ్యలో ఈ దారం ఏంటండీ?" అంది.

ఇంకొకటి. నువ్వున్నప్పుడు మనవాళ్ళు మిషన్ బాగుచేశాక తల వంచి వినేవాళ్ళు. నీ దగ్గర మాటపడకూడదని. ఇప్పుడు ఎవరూ వినడం లేదు. అడిగితే, "ఎలాగూ అన్న వింటాడుగా అక్కా," అంటున్నారు. నువ్వు వింటావన్న ధైర్యంతో వాళ్ళు మానేశారు.

నాకు వినడం నేర్పింది నువ్వే. ముందుగదిలో కళ్ళు మూయించి, ఏ గొట్టం దగ్గర ఈల వస్తోందో వేలు పెట్టి చూపించమనేవాడివి. ఇక్కడి దారం నన్ను కట్టనీ.

చెవి బొమ్మ మీద దుమ్ము పట్టింది, కడిగించాను. ఆ చెవి తమ్మె మీద చిన్న చుక్క ఉంది చూశావా? రంగు చింది ఉంటుంది. పోగు పెట్టుకునే చిల్లులా ఉంది. నీకు బాగుంటుంది.

అరిచినట్టే చదువుకో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

దుప్పటి సరిపోతోంది. తింటున్నాను.

మాస్టారికి జరిగింది తప్పే. ఆయన మిషన్ ముందు వినాల్సింది. ఇక నుంచి అత్యవసరమైన వాటి మీద ఎర్ర కాగితం అంటించి పంపు, వరుసలో ముందు పెడతాను. కానీ దారం సంగతి వదిలెయ్. నీ మీద నమ్మకం లేక కాదు. ఆస్పత్రివాళ్ళు నమ్మింది ఒక మనిషి చెవిని. రేపు ఏదైనా జరిగితే, "ఇది మా అక్క విన్నది, అది ఇంకొకరు విన్నది," అని చెప్పుకోలేను. రెండు ఊళ్ళు కాదు, ఐదు ఊళ్ళైనా సరే, దారం నా చేతి మీదుగానే వెళ్ళాలి. దానికి నేను తెల్లారకముందే లేవాల్సి వస్తే లేస్తాను.

నువ్వు అనుకుంటున్నట్టు మనవాళ్ళు పాడవలేదు. ఈ నెలలో నువ్వు పంపినవాటిలో ఒక్కదాన్నీ నేను వెనక్కి పంపలేదు. మొదట్లో మూడు నాలుగు దొరికేవి. ఇప్పుడు లేవు. నేర్పింది వంటబట్టిందన్నమాట.

ఇక్కడ మనుషులతోనే కష్టం. చేరేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, కానీ మీటింగులో ఒక్కరూ నోరు తెరిచి మాట్లాడరు. పెదాలు కదులుతుంటాయి, మాట బయటికి రాదు. గట్టిగా చెప్పండి అంటే బెదిరిపోతారు. చివరికి ఏదో ఒకటి నేనే తేల్చేసి లేస్తాను.

ఆస్పత్రి మిషన్ల విభాగంలో పదిహేనేళ్ళు చేసిన ఆయన్ని మేనేజరుగా తీసుకున్నాం కదా. నెమ్మదస్తుడు. మంచి పనివాడు. కానీ అనుమానం మనిషి. నేను దారం కట్టిన మిషన్‌ని పట్టుకొచ్చి, "సార్, దీన్ని ఇంకోసారి వింటారా," అన్నాడు. విన్నాను. బాగానే ఉంది. మర్నాడు ఇంకొకటి తెచ్చాడు. అందరూ చూస్తున్నారు. "ఇక్కడ చెవి ఒక్కటే ఉంటుందండీ," అన్నాను. "నలుగురు నాలుగు మాటలు చెబితే రోగికి మిషన్ అందదు." తల ఊపి వెళ్ళిపోయాడు. మళ్ళీ తేలేదు. ఒక్కోసారి గట్టిగా ఉండాలి. ఇంతమందిని నడపాలంటే తప్పదని తెలుసుకుంటున్నాను.

చుక్క చూశాను. రంగే.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఈసారి చిన్న ఉత్తరం. మూడు ప్రశ్నలు. జవాబు రాయి, ఎందుకని అడగకు.

నీ గదిలో రేడియో ఎంత పెద్దగా పెడుతున్నావు? పై వాటా ఇంటావిడ ఏమైనా అందా? టీ నీళ్ళు మరిగి గిన్నె ఈల వేస్తే నీకు తెలుస్తోందా, మూత ఎగిరితేనే తెలుస్తోందా?

బండిలో మూడు మిషన్లు పంపుతున్నాను. మూడింటికీ ఎర్ర కాగితం అంటించాను. ఒక్కొక్కటే తీరిగ్గా విను. కంప్రెసర్లు ఆపించి విను.

అక్క

*

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే కంప్రెసర్లు ఆపించి విన్నాను. మూడూ చక్కగా ఉన్నాయి. దారం కట్టి ఇదే బండిలో పంపుతున్నాను.

రేడియో మామూలుగానే పెడతాను. పై వాటావిడ రెండుసార్లు వచ్చి తగ్గించమంది. ఆవిడకి నిద్ర తక్కువ. టీ ఇక్కడ షెడ్డులోనే తాగుతాను, గిన్నె గొడవ లేదు. నీ ప్రశ్నలు బావకి చూపించాను. చదివి మడిచి ఇచ్చేశాడు. ఈసారి జోకు కూడా వెయ్యలేదు. నడుం నొప్పి ఎక్కువైందేమో, డాక్టరుకి చూపించు.

మంచి మాట. మూడు నెలలు నిండకముందే ఆఫీసరు పిలిచారు. వచ్చే వారం ఒప్పందం. కాగితం చదివి వినిపించారు. అందులో ఒక వరుస నాకోసమే రాయించారట: ప్రతి మిషన్‌నూ కంపెనీ యజమాని స్వయంగా విని పంపుతాడు, అని. దాని కింద నా సంతకం ఉంటుంది. నేను బడి మానేసిన సంగతి నీకు తెలుసు. నా చెవి పేరు ఒక పెద్దాస్పత్రి కాగితం మీదికి ఎక్కుతోంది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

నలభైమందికి కబురు పంపాను. ఒప్పందం కాగానే వచ్చి చేరతారు.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

కూర్చుని చదువు. అద్దాల గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని.

ఆ మూడు మిషన్లలో ఒకదాని గొట్టం బిగింపు నేనే వదులు చేశాను. నువ్వు ముందుగదిలో నా కళ్ళు మూయించి నేర్పావే, సరిగ్గా ఆ ఈల వచ్చేదాకా వదులు చేశాను. ఆన్ చేస్తే మన షెడ్డు గుమ్మంలోకి వినబడింది. అక్కడ బండి పక్కనే ఆన్ చేసి చూపించమని మీ బావకి చెప్పాను. డ్రైవరు సీట్లోకి వెళ్ళి కూర్చున్నా ఆయనకి వినబడింది. నువ్వు దాని మీద ఒంగి, కంప్రెసర్లు ఆపించి, తల ఊపి దారం కట్టావు. మీ బావ అందుకే జోకు వెయ్యలేదు.

ఆ మిషన్ నా గదిలో ఉంది. ఎవరింటికీ పోదు.

ఎందుకు చేశానో చెప్పాలి. మాస్టారికి నువ్వు దారం కట్టి పంపిన మిషన్ పెట్టాం కదా. రెండో రోజే ఆయన కోడలు ఫోన్ చేసింది, ఈల వేస్తోందని. మనవాళ్ళు ఏమన్నారో తెలుసా? "పచ్చ దారం ఉందా అమ్మా? ఉంటే ఏమీ కాదు, అలవాటవుతుంది." మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట. మూడోసారి ఆ అమ్మాయి ఫోన్ చెయ్యలేదు. మిషన్ ఆపేసి, పక్కన ఉన్న సిలిండరు తగిలించి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. వెళ్ళి చూస్తే మీటరులో ఆక్సిజన్ పడిపోయి ఉంది. సిలిండరు లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. నువ్వు ఊహించుకో.

ఆ పిల్ల చెప్పింది విననిది మనవాళ్ళు. కానీ వాళ్ళు వినకుండా చేసింది నీ దారం.

నాన్న గుర్తున్నాడా నీకు? నువ్వు చిన్నవాడివి. మిల్లులో మరల పక్కన పాతికేళ్ళు నిలబడ్డాడు. చివర్లో ఇంట్లో అందరం గొణుగుతున్నామని విసుక్కునేవాడు. వీళ్ళకి నోరు తెరిచి మాట్లాడటం రాదు అనేవాడు. నీ ఉత్తరంలో మీటింగు సంగతి చదివినప్పుడు నాకు నాన్న గొంతే వినబడింది. నువ్వూ ఎన్నేళ్ళుగా కంప్రెసర్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నావు?

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. పెడితే అది అబద్ధం అవుతుంది, తెలిసి చేసిన అబద్ధం. ఆ తర్వాత ఎవరింట్లో ఊపిరి ఆగినా ఆ పాపం మన ఇంటిదే అవుతుంది.

కోపం వస్తే నా మీద చూపించు. మీ బావ ఏమీ చెయ్యలేదు, బండి నడిపాడు.

అక్క

*

అక్కా,

ఉత్తరం అందింది. నాకు పరీక్ష పెడతావా.

ఆ మిషన్ పంపు.

*

పంపుతున్నాను. దానికి ఇంకా దారం ఉంది, నేను తియ్యలేదు.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు, చెయ్యాల్సినవి చేశాక రాద్దామని.

మిషన్ వచ్చిన రోజు పొద్దున్నే షెడ్డులో ఒంటరిగా ఆన్ చేసి కూర్చున్నాను. చెవి ఆనించాను. మోటారు చప్పుడు తెలిసింది. ఇంకేమీ లేదు. బిగింపు దగ్గర వేలు పెడితే గాలి తగిలింది. చర్మానికి తెలిసింది, చెవికి తెలియలేదు. చాలాసేపు వేలు అక్కడే ఉంచాను. తర్వాత నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

అందరూ వచ్చాక కంప్రెసర్లు ఆపించాను. మిషన్‌ని మధ్య బల్ల మీద పెట్టి ఆన్ చేశాను. "ఇందులో ఈల వినబడేవాళ్ళు చెయ్యెత్తండి," అన్నాను. ఎవరూ ఎత్తలేదు. పచ్చ దారం చూస్తున్నారు. దారం తీసి జేబులో పెట్టుకుని మళ్ళీ అడిగాను. అప్పుడు ప్యాకింగ్ దగ్గర పనిచేసే ఆవిడ ఎత్తింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఎత్తారు. లెక్కపెట్టడం అనవసరం, అందరూ ఎత్తారు. గుమ్మంలో నిలబడ్డ బావ కూడా.

చెవి పోతోందని తెలిసినప్పటికన్నా అప్పుడు నాకు భయం వేసింది. ఇంతమందికి వినబడుతోంది. ఒక్కరు చెప్పలేదు.

అదే అడిగాను. ప్యాకింగ్ ఆవిడ, "మీరు కట్టేశాక మాకేం పని సార్, మేము విన్నదే తప్పనుకున్నాం," అంది. వెనక నుంచి ఎవరో, "ఇక్కడ చెవి ఒక్కటే అన్నారుగా," అన్నారు. మేనేజరు వైపు తిరిగి, "మీరు చెప్పారు," అన్నాను. "రెండుసార్లు చెప్పాను సార్," అన్నాడు. "మూడోసారి ఎందుకు చెప్పలేదు?" అంటే, "పిల్లల ఫీజులున్నాయి సార్," అన్నాడు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అందరి ముందు అన్న మాట కాబట్టి అందరి ముందే ఆయనకి క్షమాపణ చెప్పాను. నాకు పొడుగు వాక్యాలు రావు, నీకు తెలుసు. రెండు ముక్కల్లో చెప్పాను.

మధ్యాహ్నం చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అద్దాల పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కమంది. మొదట బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని అద్దంలోంచి ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెయ్యెత్తి చూపించింది, నడుస్తూనే ఉందని. సన్నని చప్పుళ్ళు పోయాయి. రెండు చెవుల్లోనూ. తిరిగి రావు. "ఎంతకాలంగా కంప్రెసర్ల పక్కన కూర్చుంటున్నారు?" అని నీ ప్రశ్నే అడిగింది. "మీ దగ్గర ఇంకెంతమంది కూర్చుంటున్నారు?" అని కూడా అడిగింది. అది నువ్వు అడగలేదు. నేనూ ఎప్పుడూ అనుకోలేదు. మర్నాడే కంప్రెసర్లకి చుట్టూ గోడ లేపించడం మొదలుపెట్టాం. అందరికీ చెవులకి కప్పుకునేవి తెప్పించాను. నీ షెడ్డుకీ ఈ బండిలో వస్తున్నాయి. పెట్టుకోనివాళ్ళని నీ గొంతుతో బెదిరించు.

ఆఫీసరు దగ్గరికి మేనేజరునీ తీసుకెళ్ళాను. సంతకం చెయ్యాల్సిన కాగితం బల్ల మీద పెట్టి పెన్ను ఇచ్చారు. "ఆ వరుస కింద పెట్టలేనండీ," అన్నాను.

"ఏం, మాట తప్పుగా పడిందా?"

"మాట బాగానే ఉంది. నాకు వినబడదు."

జోకనుకుని నవ్వారు. నేను నవ్వకపోయేసరికి పెన్ను మూత పెట్టారు. "మరి ఇన్నాళ్ళూ మీరు పంపినవి?" అన్నారు.

"అన్నీ వెనక్కి తెస్తున్నాం. ఒక్కో ఇంట్లో మంచి మిషన్ పెట్టి, పాతది తెచ్చి, మళ్ళీ వింటున్నారు. సగం అయింది."

"ఎవరు వింటున్నారు?"

మేనేజరు వైపు చూపించాను. ఆయన మాట్లాడాడు. నేను ఆయన పెదాలే చూస్తూ కూర్చున్నాను. గొణగడం లేదు. చాలా స్పష్టంగా మాట్లాడే మనిషి.

"ఇది పైవాళ్ళకి చెబితే ఒప్పందం పోవచ్చు, తెలుసా?" అన్నారు ఆఫీసరు. చెప్పండి అన్నాను. చెప్పారు. ఒప్పందం పోలేదు, రాలేదు. కొత్త పద్ధతితో ఇంకో మూడు నెలలు చూస్తారట. వాళ్ళ మనిషి ఒకరు వచ్చి ఎప్పుడంటే అప్పుడు ఏదంటే అది ఆన్ చేయించి వింటాడు. ఆ నలభైమందినీ ఆగమని చెప్పాల్సి వచ్చింది. ఎవరిచేతా చెప్పించలేదు. ఒక్కొక్కరికీ నేనే చెప్పాను. ఒకాయన తిట్టాడు. అది మాత్రం బాగానే వినబడింది.

వెనక్కి తెచ్చినవాటిలో ఈల వేస్తున్నవి ఏడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఏడు ఇళ్ళకీ వెళ్ళి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

కొత్త పద్ధతి నాది కాదు, మేనేజరూ మనవాళ్ళూ కూర్చుని చేసింది. నేను గదిలో ఉంటే మాట్లాడరని నేనే బయటికి వచ్చి ఆకులు ఊడ్చాను. చీపుర్లు కొత్తవి, ఎవరో కొనేశారు. నన్ను అడగలేదు. బాగుచేసినవాళ్ళు ముందు వింటారు, పక్క బల్లవాళ్ళు తర్వాత వింటారు. ఇద్దరికీ నచ్చితే వాళ్ళే దారం కడతారు. ప్రతి బల్లకీ ఒక కత్తెర వేలాడదీశారు. ఎవరు కట్టిన దారాన్నైనా ఎవరైనా కత్తిరించవచ్చు, కారణం చెబితే చాలు. పద్ధతి మొదలైన పొద్దున్నే ప్యాకింగ్ ఆవిడ కత్తెర తీసుకుని, నేను పోయిన వారం కట్టి గోడ దగ్గర పెట్టిన మిషన్ వైపు నడిచింది. నా చెయ్యి దానంతటదే లేచింది. జేబులో పెట్టుకున్నాను. ఆవిడ కత్తిరించింది. తెరిచి చూస్తే బిగింపు వదులైంది. షెడ్డంతా నా మొహం చూస్తోంది. "ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాను. ఉన్నాయన్నారు. మిషన్ల సంగతి తర్వాత వేరే సంగతులు కూడా చెప్పారు. సెలవు చీటీల గురించి, మీటింగుల గురించి. మధ్యాహ్నం దాకా చెప్పారు. రాసుకున్నాను.

నీ షెడ్డులోవి నీ షెడ్డులోనే కట్టండి. ఇక బండిలో తిప్పక్కర్లేదు. బావ నడుముకి సెలవు. రెండు షెడ్లలో మిషన్ బయటికి పోవాలా వద్దా అన్నది నువ్వూ మేనేజరూ తేల్చాలి. నేను సరే అన్నా మీరు కాదంటే కాదు. అది కాగితం మీద రాసి నేను సంతకం పెట్టాను. దాని నకలు ఇందులో పెట్టాను.

అద్దాల గదిలో ఇప్పుడు చెవి పరీక్ష మిషన్ పెట్టాం. మొదట అందరికీ పరీక్ష. నాకు వేరే పని దొరికింది, ఇళ్ళకి వెళ్ళి కూర్చోవడం. మిషన్ ఎక్కడ పెట్టారు, గొట్టం ఎక్కడ నలుగుతోంది, కరెంటు పోతే ఏం చేస్తున్నారు, ఇవి చూడటానికి కళ్ళు చాలు.

చెవిలో పెట్టుకునే వినికిడి మిషన్ ఇచ్చారు. మొదట చిరాకు. చొక్కా కదిలినా చప్పుడే. ఇప్పుడు ఈ కాగితం మీద పెన్ను నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఇంత చప్పుడు చేస్తుందని మరిచిపోయాను.

ఫోన్ లైను సంగతి కూడా రాయాలి. లైను బాగానే ఉంది అక్కా. నేను వచ్చిన మొదటి వారంలోనే మనిషి వచ్చి చూసి, ఏ లోపమూ లేదని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాతే నీకు మొదటి ఉత్తరం రాశాను.

మొన్న మన ఊరు వచ్చి మాస్టారింటికి వెళ్ళాను. నీకు చెప్పలేదు, ముందు అక్కడికే వెళ్ళాలనిపించింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు, కొత్త మిషన్ పక్కన. కోడలు తలుపు తీసి కుర్చీ వేసింది. ఆ అమ్మాయికి చెప్పాల్సింది చెప్పాను. "ఫోన్ ఎత్తినవాళ్ళు ఈసారి ముందు వినమనండి చాలు," అంది. చివర్లో మాస్టారితో, "బండి మీద ఆ చెవి బొమ్మ చెరిపించేస్తానండీ, ఇక నాకు తగదు," అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వారు, గొట్టం ఊడేదాకా. కోడలు వచ్చి సర్దింది. "అది మీ చెవి అని ఎవరు చెప్పారండీ?" అన్నారు. "ఆ రోజు గీద్దామని కూర్చుంటే మీరు ఒక్క క్షణం నిలబడ్డారా? ఎదురుగా ఈ అమ్మాయి కూరలు తరుగుతోంది. ఆ చెవి చూసి గీశాను. తమ్మె మీద పోగు చిల్లు కూడా వేశాను, చూడలేదూ?"

నీ చెవులపిల్లి